కోడలి రక్తం, నా నిమ్మకాయ జాడీ

మాది చేపల ఊరు. మండవల్లి దాటి లోపలికి వస్తే రోడ్డుకు ఒకవైపు వరిచేలు, రెండోవైపు చెరువుగట్లు. ఆ గట్ల వెంట వెళ్ళగా వెళ్ళగా మా ఇల్లు వస్తుంది. మా ఇంట్లో నిమ్మకాయ లేని రోజంటూ ఉండేది కాదు. అయితే అది తినడానికి కాదు. చేపలు కోసిన చేతులకు రుద్దుకోవడానికి, ముక్కలకు పట్టించి నీచు వదిలించడానికి, ఇత్తడి చెంబులు తోమడానికి, కత్తిపీట తుప్పు పోగొట్టడానికి. పని అయిపోయాక ఆ చెక్కని పెరట్లోకి విసిరేసేదాన్ని. ఇన్ని పనులు చేసే కాయ లోపల ఏముంటుందో అని ఒక్కనాడూ అనుకోలేదు.

తినే నిమ్మకాయ వేరే ఉండేది. అది జాడీలో ఉండేది. కాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పు కూరి, ఊరిన తరవాత రోజుల తరబడి ఎండలో పెట్టి, మళ్ళీ ఆ ఊటలోనే వేసి మూత కట్టేస్తాం. ఏడాదికి అది గోధుమరంగుకు వస్తుంది. మూడేళ్ళకు నల్లబడుతుంది. నా జాడీ మా అబ్బాయి కాలేజీలో చేరిన ఏడు పెట్టింది. వాడికి పెళ్ళయ్యేనాటికి లోపలి ముక్కలు తారులాగా నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే వెన్నలా విడిపోయేవి. జ్వరం పడి లేచినవాళ్ళకు, బాలింతలకు, అన్నం సయించనివాళ్ళకు ఆ ముక్కే పథ్యం. చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగోకపోయినా చిన్న గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు.

"మీ ఇంట్లో పాత నిమ్మకాయ ఉందటండీ. ఒక్క ముక్క పెడతారా?"

పెట్టేదాన్ని. ఎంత పాతదైతే అంత గుణం అని మా అమ్మ చెప్పింది, ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది. ఆ జాడీ అంటే నాకు చెప్పలేనంత గొప్ప.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. మా కోడలికి అయిదో నెల. తాడేపల్లిగూడెం పిల్ల. డిగ్రీ చదివింది, మాట మెత్తన. అయిదో నెల వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు, అన్నం ముందు పెడితే మొహం పక్కకు తిప్పుకోవడం. వేవిళ్ళు ఇంకా తగ్గలేదేమో అనుకున్నాను. బుధవారం బుధవారం సూదులు వేయడానికి మా ఊరు వచ్చే నర్సమ్మగారు ఆ పిల్ల కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూశారు. చూసి, "అబ్బాయిని తీసుకుని రేపే ఏలూరు వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకురామ్మా" అన్నారు.

వెళ్ళి వచ్చారు. కాగితం మీద ఏడు అని ఉంది.

"ఎంత ఉండాలండీ?" అని అడిగాను నర్సమ్మగారిని.

"పదకొండుకి తగ్గకూడదండీ."

ఏలూరు డాక్టరమ్మగారు మా అబ్బాయితో గట్టిగానే చెప్పారట. తొమ్మిదో నెలకు పది దాటాలి. దాటకపోతే కాన్పులో మామూలుగా పోయే రక్తాన్ని కూడా ఆ పిల్ల తట్టుకోలేదు, రక్తం సిద్ధంగా పెట్టుకునే రావాలి, అప్పుడు కూడా ధైర్యం చెప్పలేను అన్నారట.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలి. మా చెల్లెల్ని కొల్లేటికోటలో ఇచ్చాం. అప్పట్లో వానాకాలం వస్తే ఆ ఊరికి దారి ఉండేది కాదు, చుట్టూ నీళ్ళే. రెండో కాన్పులో రక్తం పోవడం మొదలైతే దోనెలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. దోనె దగ్గరికి వచ్చేసరికే అయిపోయింది. మనిషి వరిపిండితో చేసిన బొమ్మలా ఉంది. రక్తం లేకపోవడం అంటే ఏమిటో నాకు పుస్తకం చెప్పక్కర్లేదు.

అందుకని నర్సమ్మగారు ఏం చెప్పినా చెవి ఒగ్గి విన్నాను. ఇనుము మాత్రలు ఇచ్చారు. తోటకూర, గోంగూర, మునగాకు రోజూ ఏదో ఒకటి వండమన్నారు. వెళ్తూ వెళ్తూ సైకిలు స్టాండు తీస్తూ, "ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ కూడా పెట్టండి. ఇనుము బాగా పడుతుంది" అన్నారు.

నాకు ఏనుగెక్కినంత సంతోషమైంది. నిమ్మకాయేగా! ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ లేనంత గుణమున్న నిమ్మకాయ నా జాడీలో ఉంటే ఇంకెందుకు బెంగ? ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఒక ముక్క, రాత్రి ఒక ముక్క, ఆకుకూర పప్పు పక్కన పెట్టాను. ఊరందరికీ గోటితో గిల్లి పెట్టేదాన్ని, కోడలికి నిండు ముక్క పెట్టాను. ఆ పిల్ల కూడా మరో మాట లేకుండా తినేది. తిన్నాక మాత్ర వేసుకుని, టీ తాగేది. గట్టు మీద పనివాళ్ళకు భోజనాలయ్యాక ఫ్లాస్కులో టీ పంపడం మా ఇంటి అలవాటు. పంపగా మిగిలింది అత్తాకోడళ్ళం చెరో గ్లాసూ తాగేవాళ్ళం.

నెల గడిచింది. మళ్ళీ ఏలూరు వెళ్ళారు. సాయంత్రం మా అబ్బాయి బండి దిగి, హెల్మెట్ తీయకుండానే కాగితం నా చేతిలో పెట్టాడు. నాకు మూడో తరగతి దాకానే చదువు. అయినా ఏడు అంకె గుర్తుపట్టడానికి అదే ఎక్కువ. ఏడు పక్కన చుక్క పెట్టి, ఆ తరవాత రెండు.

"నెల్లాళ్ళకి ఇంతేనా?" అన్నాను.

"నన్నడుగుతావేంటమ్మా? పెట్టేది నువ్వు." వాడు అలా అనలేదు ఎప్పుడూ. అనేసి, వాడే నొచ్చుకుని, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కోడలు బల్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటోంది. చెప్పు పట్టీలు పాదాల మీద గాడి పడేలా అచ్చులు వేశాయి. కాళ్ళు నీరు పట్టాయి. అది నేను అప్పుడే చూశాను.

ఫోను వెళ్ళిందో ఏమో, మర్నాడు పదింటికల్లా తాడేపల్లిగూడెం నుంచి మా వియ్యపురాలు దిగింది. చేతిలో సంచి, మొహంలో నిప్పులు. కూతుర్ని చూసింది, పాదాలు చూసింది, ఏం పెడుతున్నారని అడిగింది. ఆ పిల్ల నిమ్మకాయ పేరెత్తిందో లేదో, ఆవిడ నావైపు తిరిగింది.

"వదినగారూ, మా పిల్ల మీ గుమ్మం ఎక్కినప్పుడు ఎలా ఉండేదండీ? ఇప్పుడెలా ఉంది? రక్తం తక్కువైన మనిషికి ఎవరైనా పులుపు పెడతారండీ? పులుపు రక్తాన్ని విరగ్గొట్టదూ?"

"నర్సమ్మగారే చెప్పారు వదినగారూ."

"ఆవిడ చెప్పకేం. కత్తిపీట తుప్పు దేంతో వదిలిస్తారు మీరు?"

"నిమ్మచెక్కతో."

"చూశారా! ఇనపకత్తినే తినేసే పులుపు, కడుపులో ఉన్న పిసరంత ప్రాణాన్ని ఉంచుతుందా?" అని కూతురివైపు తిరిగి, "బట్టలు సద్దుకోవే. మొదటి కాన్పు మా ఇంట్లోనే కదా ఎలాగూ, ఇప్పుడే పోదాం" అంది.

ఆవిడ అన్న మాట నాకూ నిజమే అనిపించింది. నా చేత్తో నేనే ఆ పిల్లకు చేటు చేశానా? దోనె కళ్ళ ముందు ఆడింది. కోడలు మాత్రం కదల్లేదు. "బుధవారం కదమ్మా, నర్సమ్మగారు వచ్చే రోజు. ఆవిణ్ణి అడిగే వెళ్దాం" అంది మెత్తగా.

ఆవిడ వచ్చారు. మా వియ్యపురాలు చెప్పిందంతా విన్నారు. కాగితం చూశారు, పాదం మీద వేలితో నొక్కి చూశారు. తరవాత నాతో, "ఏ నిమ్మకాయ పెడుతున్నారో తెచ్చి చూపించండమ్మా" అన్నారు.

జాడీ తెచ్చాను. మూత తీయగానే ఆ వాసనకు ఆవిడ కళ్ళు మూసుకున్నారు. చెంచా కొసతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నారు.

"అబ్బ! ఎంత బావుందండీ! ఎన్నేళ్ళది?"

"ఏడో ఏడు నడుస్తోందండీ." నా గొంతులో కాస్త గర్వం వినిపించే ఉంటుంది.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి. నేను చెప్పింది దీన్లో లేదండీ."

"నిమ్మకాయే కదండీ ఇది?"

"నిమ్మకాయేనండీ. పులుపుంది, ఉప్పుంది, నోరూరిస్తోంది. కానీ సి విటమిన్ అని ఒకటుంటుంది. అది పచ్చికాయలో ఉంటుంది. ఎండకి కొంత పోతుంది, వేడికి కొంత పోతుంది, నిల్వకి మిగతాదీ పోతుంది. ఇన్నేళ్ళకి ఇందులో ఏం మిగులుతుంది చెప్పండి?"

"పులుపు అలాగే ఉంది కదండీ మరి?"

"పులుపూ అదీ ఒకటి కాదండీ. పులుపు నిలబడుతుంది. అది నిలబడదు."

ఆ మాటకు నేను జాడీలోకి వంగి చూశాను. నలభై ఏళ్ళుగా నిమ్మకాయ గుణాన్ని నాలుకతో చూస్తున్నాను. పుల్లగా ఉంటే బతికి ఉంది అనుకున్నాను. నాలుకకు అందకుండా, కంటికి కనపడకుండా, కాయ లోపల ఇంకొకటి ఉండేదట. నేను ఎండలో పెట్టిన ప్రతి మధ్యాహ్నం అది నా కళ్ళ ముందే కొంచెం కొంచెంగా వెళ్ళిపోతూ ఉందట. నేనేమో గుణం పెరుగుతోందని ముక్కలు తిరగేస్తూ కూర్చున్నాను.

"పైగా ఇందులో ఉన్న ఉప్పు చూడండి. రోజుకి రెండు ముక్కలు! పాదాలు పొంగమంటే పొంగవా?" అన్నారావిడ. "ఒకసారి బీపీ కూడా చూస్తాను" అని కోడలి చేతికి పట్టీ చుట్టారు. ఆవిడ రబ్బరు తిత్తి వదిలేసి, "బానే ఉంది. మీ అదృష్టం" అన్నారు.

మా వియ్యపురాలు ఊరుకుంటుందా? "అయితే పచ్చికాయ పెట్టమంటారా? ఇనుమునే తినేస్తుందండీ అది!" అంది.

"కత్తిపీట తీసుకురండి" అన్నారు నర్సమ్మగారు.

తెచ్చాను. అంచున తుప్పు ఉండనే ఉంది. చేతులకు రుద్దుకోవడానికి తొట్టి పక్కన పెట్టుకున్న కాయను కోసి ఇచ్చాను. ఆవిడ ముందు తుప్పు మీద నీళ్ళు పోశారు. ఏమీ కాలేదు. తరవాత నిమ్మచెక్కతో రుద్దుతూ, కింద మా తెల్ల పింగాణీ పళ్ళెం పెట్టారు. రుద్దగా రుద్దగా టీ రంగు చుక్కలు పళ్ళెంలో పడ్డాయి.

"ఇదేంటండీ?" అన్నారావిడ.

"తుప్పు" అంది మా వియ్యపురాలు.

"తుప్పంటే ఇనుమే కదండీ. ఇందాక కత్తికి కరుచుకుని రాయిలా ఉంది, నీళ్ళు పోస్తే కదిలిందా? ఇప్పుడు రసంలో కలిసిపోయింది. పులుపు దాన్ని తిని మాయం చేయలేదు, కరిగించి తనతో తెచ్చుకుంది. తోటకూరలో ఇనుము కూడా ఇలాగే మొండిగా ఉంటుందండీ. తిన్నా ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. పచ్చి నిమ్మరసం పడితే ఆ మొండితనం వదిలి, కరిగి, రక్తంలోకి వెళ్తుంది."

"మరి రక్తాన్ని విరగ్గొట్టదా?"

"మీ పొట్టలో, నా పొట్టలో నిమ్మకాయని మించిన పులుపు పుట్టుకతోనే ఉంటుందండీ. అన్నం అరిగేది దాంతోనే. అదే మనల్ని తినేయలేదు, పాపం ఈ కాయేం తింటుంది?"

మా వియ్యపురాలు తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అప్రయత్నంగా నేనూ వేసుకున్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. కోడలు ఫక్కున నవ్వింది. నెల రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

అప్పుడు నేను అడిగాను. "అయితే నర్సమ్మగారూ, నిమ్మకాయలో ఇనుము చాలా ఉంటుందన్నమాట!"

"లేదండీ. లేనట్టే."

"లేదా?"

"దాన్లో చాలా వరకు నీళ్ళే. కొవ్వు లేదు. చక్కెర కొంచెం. అరటిపండులో ఉండే పొటాషియం అని, అది కొంచెం. పులుపు. ఆ సి విటమిన్. అంతే. రక్తం పట్టించేది మాత్ర, ఆకుకూర. నిమ్మకాయ పక్కనుండి వాటికి తలుపు తీస్తుంది."

నేను ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. పాలలో వెన్న ఉంటుంది, చేపలో సత్తువ ఉంటుంది, బెల్లంలో తీపి ఉంటుంది. వాటిల్లో ఉన్నదే మనకు ఇస్తాయి. తన దగ్గర లేనిదాన్ని, పక్కవాడి దగ్గర ఉన్నదాన్ని, మనకు ఇప్పించేది ఒకటి ఉంటుందని నాకు ఎవరు చెప్తారు? అదీ గుప్పిట్లో పట్టేంత కాయ.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?" అని కోడల్ని అడిగారు ఆవిడ లేవబోతూ.

"భోజనం చేశాక. టీతో."

నర్సమ్మగారు మళ్ళీ కూలబడ్డారు. "టీతోనా! ఒకళ్ళు తలుపు తీస్తుంటే ఇంకొకళ్ళు వచ్చి గొళ్ళెం పెడుతున్నారన్నమాట. టీ ఇనుమును పట్టనివ్వదమ్మా. మాత్రకీ భోజనానికీ టీ రెండు గంటలైనా ఎడంగా ఉండాలి."

ఆ టీ పోసి ఇచ్చిందీ నేనే.

మా వియ్యపురాలు సంచి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "ఎనిమిదో నెల దాకా చూస్తాను వదినగారూ. అయితే నేనూ ఇక్కడే ఉంటాను" అంది.

ఉంది. పద్ధతి అంతా మారిపోయింది. పప్పు ఉడుకుతున్నప్పుడు నిమ్మకాయ పిండకూడదు. పొయ్యి మీంచి దింపి, కంచంలో వడ్డించి, ముద్ద కలిపే ముందు పిండాలి. కోసిన చెక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచకూడదు, అప్పటికప్పుడు కోయాలి. ఆ నిమ్మకాయ పనికి మా వియ్యపురాలు అధికారి అయిపోయింది. పులుపు పేరు చెబితే మండిపడ్డ మనిషి, మూడో రోజుకల్లా నా చేతిలో కాయ లాక్కోవడం మొదలుపెట్టింది.

"అలా పిండితే సగం చెక్కలోనే ఉండిపోతుందండీ వదినగారూ. ముందు నేల మీద పెట్టి అరిచేత్తో దొర్లించాలి."

"నేను పుట్టినప్పటి నుంచీ పిండుతున్నానండీ."

"పిండారు, చేపల మీద!"

మా అబ్బాయి వారానికోసారి ఏలూరు మార్కెట్ నుంచి కాయలు తెచ్చేవాడు. సన్నతోలు ఉన్నవి, పసుపు తిరిగినవి ఏరి తెచ్చేవాడు. నేను ఒక మధ్యాహ్నం కాయ అడ్డంగా కోసి, పిండకుండా, వెలుతురుకు ఎత్తి చూశాను. బండిచక్రంలాగా ఆకులు, ఒక్కొక్క ఆకులో వందల కొద్దీ సన్నటి తిత్తులు, ఒక్కొక్క తిత్తిలో ఒక్కొక్క చుక్క. ఎవరో ఒక్కో చుక్కనీ విడివిడిగా మూటకట్టి, దగ్గరగా సర్ది, బయట తోలు కుట్టినట్టు. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుని దేవుడి పనులు గొప్పవి అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కళ్ళు తెరుచుకుని అన్నది ఆ మధ్యాహ్నమే.

టీ మాత్రం కోడలికి కష్టమైంది. మొదటి వారం తలనొప్పి అని, రెండో వారం ఊరికే ఏడుపు. రెండు గంటలు ఆగి ఇస్తామంటే గడియారం వంకే చూస్తూ కూర్చునేది. "ఇంకా అయిదు నిమిషాలుందే" అనేది వాళ్ళమ్మ. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకుండా ఉన్న సాయంత్రాలు కూడా ఉన్నాయి. నేను కల్పించుకోలేదు. ఆ ఇంట్లో నా మాటకు బరువు పోయింది. రాత్రి ఆ పిల్ల కాళ్ళు పీటమీద పెట్టుకుని కూర్చుంటే, వాపు దిగిందా లేదా అని దూరం నుంచే చూసేదాన్ని. పది రోజులకు పాదాల మీద నరాలు కనపడ్డాయి. ఆ సంగతి ముందు నేనే చూశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అని భయం.

ఎనిమిదో నెల దాటాక పరీక్షకు మేమందరం వెళ్ళాం. కొల్లేరు మధ్యగా పోయే రోడ్డు మీద ఆటో. ఇరువైపులా నీళ్ళు, నీళ్ళ మీద తెల్లకొంగలు. రక్తం తీసుకున్న అబ్బాయి రెండు గంటల్లో కాగితం ఇస్తామన్నాడు. కోడలు వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని బల్ల మీద పడుకుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. మా అబ్బాయి నా అవస్థ చూసి, "రా అమ్మా, నీకు మార్కెట్ చూపిస్తాను" అన్నాడు.

నేను అంతకుముందు ఆ లోపలికి వెళ్ళలేదు. రేకుల షెడ్డు కింద నిమ్మకాయలు గుట్టలు గుట్టలు. కొన్ని పసుపు, కొన్ని పచ్చ, కొన్ని మధ్యరకం. గాలే పుల్లగా ఉంది. గుట్టల ముందు ఆడవాళ్ళు కూర్చుని పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ, కాయల వంక చూడకుండానే సైజుల వారీగా మూడు వైపులకు వేస్తున్నారు. చెయ్యికి తెలిసిపోతోంది. బస్తాలు కుట్టి లారీలకెక్కిస్తున్నారు. ఎక్కడెక్కడికో వెళ్తాయట, రైలు రెండు రోజులు నడిచే ఊళ్ళకు.

"ఇన్నింటినీ రోజూ చూస్తారు కదమ్మా, ఇందులో ఏముందో తెలుసా?" అని ఒకావిణ్ణి అడిగాను.

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "పులుపుంటుందండీ" అంది. తన వేళ్ళు చూపించింది. చీలిన చోటల్లా ఎర్రగా ఉన్నాయి. "గాయం మీద పడితే మంటుంటుంది. ఇంకేం ఉంటుందండీ?"

ఆవిడకు చెబుదామని నోరు తెరిచాను. కాగితం ఇంకా రాలేదు. అంత పెద్ద గుట్ట ముందు నిలబడి, ఈ కాయ చేసే పని గురించి చెప్పి, తీరా వెనక్కి వెళ్ళాక అక్కడ మళ్ళీ ఏడే ఉంటే? "ఏమోనమ్మా" అని వచ్చేశాను.

కాగితం మా వియ్యపురాలి చేతిలో ఉంది. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని ఉంది. మా అబ్బాయి తీసుకుని తిప్పి చూశాడు. చూసిన వాడు చెప్పకుండా నాకే ఇచ్చాడు.

ఒకటి. పక్కన సున్నా. చుక్క. ఆ తరవాత నాలుగు.

"పది దాటిందా?" అన్నాను. చదవడం రాక కాదు, ఎవరైనా పైకి అనాలని.

"దాటింది అత్తయ్యా" అంది కోడలు.

మా వియ్యపురాలు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆ గోడకు ఆనుకున్నాను. ఎర్ర కాడల తోటకూర, పావలా బిళ్ళంత మాత్ర, నాలుగు చుక్కల రసం. వీటిలోంచి మనిషి రక్తం తయారైంది. ఎవరి కంటా పడకుండా, ఏ చప్పుడూ లేకుండా, ఆ పిల్ల నిద్రపోతున్నప్పుడు కూడా తయారవుతూనే ఉంది. దేవుడి మీద నాకు నమ్మకం ఎప్పుడూ ఉంది. ఆ రోజు కలిగింది నమ్మకం కాదు, అంతకంటే పెద్దది. దానికి పేరు నాకు తెలీదు.

డాక్టరమ్మగారు కాగితం చూసి, "ఇలాగే కానివ్వండి. ఆపకండి" అన్నారు. కాన్పు తాడేపల్లిగూడెంలోనా ఏలూరులోనా అన్న వాదన పెట్టుకోకుండా, వదినగారే ఏలూరు అన్నారు.

నెల తిరక్కుండానే నొప్పులు వచ్చాయి. మా అబ్బాయి, వాడి స్నేహితుడు ఒకడు, రక్తం ఇవ్వాల్సి వస్తుందేమోనని చొక్కా చేతులు మడుచుకుని వరండాలో కూర్చున్నారు. మధ్యాహ్నం మూడింటికి లోపల్నుంచి నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. నేను పిల్ల గురించి అడగలేదు. "తల్లికి రక్తం బాగా పోయిందా అమ్మా?" అని అడిగాను.

"మామూలుగానే పోయిందండీ. తట్టుకుంది. రక్తం ఎక్కించక్కర్లేదు" అని, వాళ్ళిద్దర్నీ చూసి, "మీరు చేతులు దించుకుని వెళ్ళి అన్నం తినండి" అంది.

మర్నాడు పొద్దున్న కోడలు మంచం దిగుతానంది. వదినగారు పసిదాన్ని ఎత్తుకుని ఉన్నారు. నేను ఒక చెయ్యి కోడలి వీపు వెనక, ఒక చెయ్యి గాలిలో పెట్టి వెంట నడుస్తున్నాను. నాలుగడుగులు వేసి ఆ పిల్ల ఆగింది.

"అత్తయ్యా, అలా వెనకే రాకండి. నాకు భయమేస్తోంది."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"తిరగట్లేదండీ. బావుంది. మీరు కూర్చోండి."

నేను కూర్చోలేదు. వెనకాల మాత్రం వెళ్ళలేదు. అక్కడే ఆగి నిలబడ్డాను. వార్డు ఆ చివరిదాకా ఉన్న మంచాల మధ్య నుంచి, ఏదీ పట్టుకోకుండా, అది నడుచుకుంటూ వెళ్ళింది. మలుపు దగ్గర ఒకసారి తిరిగి చూసి, నేను ఇంకా నిలబడే ఉన్నానని తెలిసి, నవ్వుతూ చెయ్యి ఊపింది.